మంచుగడ్డ మొదలు రిఫ్రిజిరేటరు దాక

చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, కాళంగి నది ఒడ్డున సూళ్లూరుపేట యున్నది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరిన యీ పట్టణమునకు తూర్పున పులికాట్ సరస్సు, దాని కావల శ్రీహరికోట దీవి, ఇంకను ఆవల బంగాళాఖాతము కలవు. ఈ ప్రాంతమునకు చలితో రెండు విధములైన సంబంధ మున్నది. శ్రీహరికోటలో రాకెట్టుల కొరకు నిలువ చేయు ద్రవ హైడ్రోజను ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 253 డిగ్రీలు. సూళ్లూరుపేట ఇండ్లలో పాలు, చేపలు, మిగిలిన కూరలు దాచు రిఫ్రిజిరేటరులో ఉండవలసిన ఉష్ణోగ్రత సున్నాకు ఎగువ 4 డిగ్రీలు, లేదా 5 డిగ్రీలు. మొదటి దానిని శిక్షణ పొందినవారు క్షణక్షణమును కొలుచుచు కాపాడుదురు. రెండవ దానిని ఇంటిలో కొలిచి చూచువారు అరుదు. తలుపు మూసినచో లోపలి పదార్థము క్షేమముగా నున్నదని నమ్ముదురు.

ఈ నమ్మకము సగము మాత్రమే నిజము. చలి ఆహారమునకు కాలమును సంపాదించి యిచ్చును. అంతకు మించి ఏమియు చేయదు. ఈ చిన్న సత్యమును శాస్త్రజ్ఞులు గ్రహించుటకు చాల కాలము పట్టినది. చలిని మానవుడు సంపాదించిన చరిత్రను, ఆ చలి హద్దులను అతడు తెలిసికొన్న చరిత్రను కలిపి చదివినప్పుడే ఇంటిలో రిఫ్రిజిరేటరును వాడవలసిన విధము బోధపడును.

ఉప్పు, ఎండ, పులుపు

ఆహారము చెడిపోవుటకు ముఖ్యకారణము కంటికి కనబడని సూక్ష్మజీవులు. వాటికి నీరు కావలెను, తగిన వెచ్చదనము కావలెను, మిక్కిలి పులుపు కాని పరిసరము కావలెను. ఈ మూడింటిలో ఏదో ఒకటి తొలగించుటయే ఆహారమును నిలువ చేయుట. పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెలలో చేపలకు, రొయ్యలకు ఉప్పు పట్టించి ఎండబెట్టుట తరతరములుగా నున్న అలవాటు. ఉప్పు చేప కండలోని నీటిని లాగివేయును; మిగిలినదానిని ఎండ లాగివేయును. నీరు లేని చోట సూక్ష్మజీవులు పెరుగజాలవు. ఆవకాయలో ఉప్పు, పులుపు, నూనె మూడును కలిసి పనిచేయును. నెల్లూరు చేపల పులుసు మరునాడు ఇంకను రుచిగా నుండునని ఆ జిల్లావారి మాట. అందులోని చింతపండు పులుపు చాల సూక్ష్మజీవుల పెరుగుదలను మందగింపజేయును. రాత్రి అన్నములో నీరు పోసి ఉంచిన చద్దన్నము కొంచెము పులియును. ఆ పులుపును పుట్టించునవి లాక్టిక్ ఆమ్లమును తయారుచేయు బాక్టీరియాలు; అవి తాము పెరిగి, హానికరమైన పెక్కు జాతులకు చోటు లేకుండ చేయును.

ఈ పద్ధతులలో వేటికిని చలి అవసరము లేదు. కోస్తా ప్రాంతమున చలిని పుట్టించుటయు సులభము కాదు. మట్టికుండ గోడలనుండి నీరు ఊరి ఆవిరియగునప్పుడు కుండలోని ఉష్ణమును తీసికొని పోవును కనుక కుండనీరు చల్లబడును. కాని సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. తేమగాలిలో నీరు త్వరగా ఆవిరి కాదు. అందుచేత ఎండిన గాలి వీచు మెట్టప్రాంతములలో చల్లబడినంతగా కుండనీరు తీరమున చల్లబడదు.

ఉత్తరదేశమున పరిస్థితి వేరు. అక్బరు చక్రవర్తి కాలమున నీటిని చల్లబరచుటకు సురేకారమును వాడిరనియు, హిమాలయములనుండి మంచును లాహోరుకు తెప్పించిరనియు అబుల్ ఫజలు తన ‘ఐన్-ఇ-అక్బరీ’లో వ్రాసెను. సురేకారము నీటిలో కరగునప్పుడు ఉష్ణమును పీల్చుకొనును. అలహాబాదు ప్రాంతమున శీతకాలపు రాత్రులలో గడ్డి పరచిన గోతులలో మట్టిమూకుళ్లు అమర్చి, పలుచగా నీరు పోసి, తెల్లవారుసరికి మంచుపెచ్చులను తీయు పద్ధతిని రాబర్టు బార్కరు 1775లో లండనులోని రాయల్ సొసైటీకి వివరించెను. నిర్మలమైన ఆకాశమువైపునకు నీటినుండి ఉష్ణము వికిరణ రూపమున పోవుటయే దీనిలోని కీలకము. నెల్లూరు తీరమున అంతటి పొడి చలిరాత్రులు లేవు. ఈ తీరమునకు మంచు రావలెనన్న బయటినుండియే రావలెను. అది మిక్కిలి దూరమునుండియే వచ్చినది.

సముద్రము దాటి వచ్చిన మంచు

అమెరికాలోని బోస్టను నగర వర్తకుడు ఫ్రెడెరిక్ ట్యూడరు 1806లో తన ప్రాంతపు చెరువులమీద గడ్డకట్టిన మంచును ఓడలో వేసి వెస్టిండీసులోని మార్టినిక్ దీవికి పంపెను. తొలుత నష్టపడెను, జనులు నవ్విరి. అతడు పట్టు విడువలేదు. 1833 మే నెలలో ‘టస్కనీ’ అను ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బోస్టనునుండి బయలుదేరి, భూమధ్యరేఖను రెండుమారులు దాటి, నాలుగు నెలల తరువాత సెప్టెంబరులో కలకత్తా చేరెను. అప్పటికి సుమారు 100 టన్నులు కరగక మిగిలియుండెను.

ఇది ఇంద్రజాలము కాదు. ఒక గ్రాము మంచు సున్నా డిగ్రీలవద్ద నీరుగా మారుటకు 80 కేలరీల ఉష్ణము కావలెను. ఒక గ్రాము నీటిని సున్నానుండి 80 డిగ్రీలవరకు వేడిచేయుటకును అంతే ఉష్ణము పట్టును. దీనినే ద్రవీభవన గుప్తోష్ణ మందురు. అంత ఉష్ణము లోపలికి చొరబడినగాని మంచు కరగదు. ఆ ఉష్ణమును అడ్డుటకు ట్యూడరు రంపపు పొట్టును వాడెను. పొట్టులోని సందులలో చిక్కుకొన్న గాలి ఉష్ణమును బాగుగా ప్రసరింపనీయదు. మంచుగడ్డలను సందు లేకుండ పెద్ద దిమ్మగా పేర్చినందున బయటి గాలికి తగులు వైశాల్యమును తగ్గినది. చలిని పుట్టించుట ఒక విద్య, దానిని నిలుపుట మరియొక విద్య అని ఈ వర్తకము లోకమునకు చూపెను.

మదరాసులో సముద్రపుటొడ్డున 1842లో ఈ మంచును నిలువ చేయుటకై ఒక గుండ్రని భవనము కట్టబడెను. దానినే ‘ఐస్ హౌస్’ అనిరి. హెన్రీ డేవిడ్ థోరో 1854లో ప్రచురించిన ‘వాల్డెన్’ గ్రంథములో, తాను నివసించిన వాల్డెన్ చెరువు మంచు చేరు ఊళ్లలో మదరాసును గూడ పేర్కొనెను. ఈ మంచు ముఖ్యముగా ఐరోపావారికిని, సంపన్నులకును పానీయములు చల్లబరచుకొనుటకు, జ్వరరోగుల తలపై ఉంచుటకు ఉపయోగపడినది. యంత్రములతో మంచును చేయు వసతి కలిగిన తరువాత ఓడమంచు వర్తకము అంతరించినది. ఆ భవనము తరువాత బిళిగిరి అయ్యంగారి స్వాధీనమునకు వచ్చెను. 1897లో స్వామి వివేకానందుడు అందు బస చేసెను. నేడది ఆయన పేరనే స్మారక భవనముగా నున్నది.

ఈథరు మొదలు అమోనియా వరకు

యంత్రముతో చలిని పుట్టించుటకు మూలసూత్రము మట్టికుండలోనిదే: ద్రవము ఆవిరి యగునప్పుడు పరిసరములనుండి ఉష్ణమును లాగుకొనును. స్కాట్లండులో విలియం కల్లెను 18వ శతాబ్ది మధ్యకాలమున గాలి తీసిన పాత్రలో ఈథరును ఆవిరి చేసి కొద్ది మంచును పుట్టించెను. కాని ఆవిరియైన ఈథరు పోయినది పోవును. దానిని తిరిగి ద్రవముగా మార్చి మరల మరల వాడుకొను యంత్రమునకు జేకబ్ పెర్కిన్సు 1834లో పేటెంటు పొందెను. 1870లలో జర్మనీకి చెందిన కార్ల్ ఫాన్ లిండే అమోనియాతో నమ్మదగిన యంత్రములను తయారుచేసెను.

నేటి ఇంటి రిఫ్రిజిరేటరులోను ఇదే చక్రము తిరుగును. కంప్రెసరు వాయువును నొక్కి వేడెక్కించును. వెనుకనో ప్రక్కలనో ఉన్న గొట్టములలో ఆ వాయువు తన ఉష్ణమును గది గాలికి వదలి ద్రవమగును. సన్నని గొట్టము గుండా వెలువడి ఒత్తిడి తగ్గగానే, లోపలి గొట్టములలో ఆవిరియగుచు పెట్టెలోని ఉష్ణమును పీల్చును. రిఫ్రిజిరేటరు చలిని తయారుచేయదు. లోపలి ఉష్ణమును తోడి బయట పోయును. బావిలోని నీటిని తోడు మోటారు వంటిదే ఇది. ఊట ఎక్కువైనచో మోటారు తోడి చాలించజాలదు. లోపలికి వచ్చు ఉష్ణము ఎక్కువైనచో రిఫ్రిజిరేటరును అట్లే ఓడిపోవును.

యంత్రబలముతో వచ్చిన చలి ఆహార వాణిజ్యమునే మార్చినది. 1882లో ‘డునెడిన్’ అను ఓడ సుమారు 5,000 గొర్రెల మాంసమును గడ్డకట్టించి, న్యూజిలండునుండి 98 దినములు ప్రయాణము చేసి లండను చేర్చెను. సరకు దాదాపు అంతయు బాగుగానే యుండెను. చలిలో నుంచిన ఆహారము ఇక చెడదనిపించునంతటి విజయమది.

1887 నేర్పిన రెండు పాఠములు

ఆ విజయమునకు అయిదేండ్ల తరువాత, ఒకే సంవత్సరమున, రెండు పరిశోధనలు చలి హద్దులను చూపినవి.

మొదటిది న్యూయార్కులో జరిగెను. అప్పట్లో అమెరికా నగరములలో నదులనుండి, సరస్సులనుండి కోసిన మంచునే త్రాగునీటిలో వేసికొనెడివారు. గడ్డకట్టిన నీరు శుద్ధమైనదని సామాన్యుల విశ్వాసము. మిచెల్ ప్రుడెన్ అను వైద్య శాస్త్రజ్ఞుడు టైఫాయిడు బాక్టీరియాను నీటిలో కలిపి గడ్డకట్టించి, విడతలు విడతలుగా కరగించి పరీక్షించెను. చాల క్రిములు చచ్చినవి. కాని నూరు దినములు దాటిన తరువాత గూడ కొన్ని బ్రదికియుండెను. చలి క్రిములను పూర్తిగా చంపదని తేలినది.

రెండవది ఐరోపాలో జరిగెను. ఫార్‌స్టర్ అను శాస్త్రజ్ఞుడు చలిలో నిలువ చేసిన చేపలమీద చీకటిలో మిణుకుమిణుకుమను బాక్టీరియాను వేరుచేసెను. అవి సున్నా డిగ్రీలవద్ద బ్రదికి యుండుటయే కాక, పెరుగుచుండెను. చలి క్రిముల నన్నిటిని పూర్తిగా ఆపదని గూడ తేలినది.

చలి చేయు పని ఏమన, సూక్ష్మజీవులలో జరుగు రసాయనచర్యలను మందగింపజేయుట. అనుకూలమైన వెచ్చదనములో కొన్ని బాక్టీరియాలు ఇరువది నిమిషముల కొకసారి రెండింతలగును. ఆ లెక్కను ఒక్క క్రిమి ఏడు గంటలలో 21 మారులు రెండింతలై 20,97,152 క్రిము లగును. సూళ్లూరుపేట వేసవిలో రాత్రి భోజనమైన తరువాత బల్లమీద మరచిన కూర తెల్లవారుసరికి చెడిపోవుటకు కారణ మిదియే. 5 డిగ్రీలకు దిగువ ఆ పెరుగుదల పెక్కు జాతులలో నిలిచిపోవును. కొన్నిటిలో మిక్కిలి మందగించును. 5 డిగ్రీలకు 60 డిగ్రీలకు నడుమ నున్న ప్రాంతమును ఆహారశాస్త్రజ్ఞులు ప్రమాదమండల మందురు.

దీనికి ప్రయోగశాల సాక్ష్యము కూడ అవసరము లేదు. రిఫ్రిజిరేటరులో ఉంచిన ఇడ్లీపిండి రోజురోజుకు కొంచెము కొంచెము పులియుచునే యుండును. దానిలోని సూక్ష్మజీవులు చావలేదు. నడక మందగించినది, అంతే.

వంటింటికి వచ్చిన యంత్రము

కర్మాగారములలోను, ఓడలలోను ఉన్న శీతలయంత్రము ఇంటిలోనికి వచ్చుటకు చాల కాలము పట్టెను. తొలి గృహయంత్రములలో వాడిన గంధక డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వాయువులు విషములు. గొట్టము పగిలి కుటుంబములు మరణించిన వార్తలు వచ్చెను. ఇట్టి వార్తను చదివిన ఆల్బర్ట్ ఐన్‌స్టయిను, లియో జిలార్డుతో కలిసి, కదలు భాగములు లేని రిఫ్రిజిరేటరును రూపొందించి 1930లో అమెరికా పేటెంటు పొందెను. కాని మార్కెటును గెలిచినది థామస్ మిడ్‌గ్లే బృందము 1928లో కనుగొన్న ఫ్రియాన్. అది విషము కాదు, మండదు. అందుచేత రిఫ్రిజిరేటరు వంటింటిలో నిర్భయముగా నిలిచెను.

ఆ క్షేమమునకు వేరొకచోట వెల చెల్లించవలసి వచ్చెను. ఫ్రియాను వంటి వాయువులు పైవాతావరణము చేరి ఓజోను పొరను చెరచునని 1974లో మొలీనా, రోలండ్ అనువారు చూపిరి. 1987లో మాంట్రియల్ ఒడంబడిక వాటిని తొలగించుటకు మార్గము వేసెను. భారతదేశము 1992లో ఆ ఒడంబడికలో చేరెను. నేడు పెక్కు గృహ రిఫ్రిజిరేటరులలో ఐసోబ్యూటేను మొదలగు ఇతర వాయువులు వాడబడుచున్నవి. మన దేశమున గోద్రెజ్ సంస్థ 1958లో రిఫ్రిజిరేటరుల తయారీ ప్రారంభించినది.

చలిని నిలుపు విద్యయు ఈలోగా పెరిగినది. జేమ్సు డివార్ 1892లో రెండు గోడల నడుమ గాలిని తీసివేసిన సీసాను చేసెను. మన ఫ్లాస్కు అదే. 1898లో ఆయనయే హైడ్రోజనును ద్రవముగా మార్చెను. ట్యూడరు రంపపు పొట్టు చేసిన పనిని, ద్రవ హైడ్రోజను తొట్లలో గోడల నడుమ నున్న శూన్యప్రదేశము చేయును. భారతదేశమున తయారైన క్రయోజెనిక్ దశతో 2014 జనవరి 5న జి.ఎస్.ఎల్.వి.-డి5 రాకెట్టు శ్రీహరికోటనుండి జయప్రదముగా ఎగిరెను. ఇంటి రిఫ్రిజిరేటరులో ఉష్ణమును అడ్డునవి గోడలలోని నురుగుపదార్థము, తలుపు అంచునగల రబ్బరు పట్టీ. ఆ పట్టీ సడలినచో ఎంత గొప్ప యంత్రమైనను చిల్లికుండయే.

చలిని ఇష్టపడు క్రిమి

చలియొక్క హద్దును మిక్కిలి కఠినముగా చూపినది లిస్టీరియా అను బాక్టీరియా. 1926లో కేంబ్రిడ్జి పరిశోధనశాలలో జబ్బుపడిన కుందేళ్లనుండి దీనిని వర్ణించిరి. శస్త్రచికిత్సలో క్రిమిరహిత పద్ధతిని ప్రవేశపెట్టిన జోసెఫ్ లిస్టరు గౌరవార్థము 1940లో దీనికి ఈ పేరు వచ్చినది. ఇది రిఫ్రిజిరేటరు చలిలోను మెల్లమెల్లగా పెరుగును. ఆహారము ద్వారా ఇది మనుష్యులకు సోకునని గట్టిగా రుజువైనది 1981లో. ఆ సంవత్సరమున కెనడా తూర్పుతీరమున 41 మందికి ఈ రోగము సోకెను. వారిలో 34 మంది గర్భిణులకు, శిశువులకు సంబంధించినవారు. కారణము పచ్చి క్యాబేజీతో చేసిన ఒక సలాడు. ఆ క్యాబేజీ పండిన పొలమునకు గొర్రెల ఎరువు వేసిరి. ఆ గొర్రెలలో ఈ రోగ ముండెను. తరువాత క్యాబేజీని శీతకాలమంతయు చల్లని గిడ్డంగిలో దాచిరి. ఆ చలిలో ఇతర క్రిములు మందగింపగా, ఈ క్రిమి తీరికగా పెరిగెను.

2017, 2018 సంవత్సరములలో దక్షిణాఫ్రికాలో తినుటకు సిద్ధముగా నుండు మాంసపదార్థము వలన వేయిమందికి పైగా ఈ రోగమున పడిరి. రెండువందలమందికి పైగా మరణించిరి. గర్భిణులు, పసిబిడ్డలు, వృద్ధులు, దీర్ఘరోగులు దీనికి ఎక్కువగా గురియగుదురు. ఇట్టివారున్న ఇంటిలో, చలిలో చాల దినములు దాచిన పదార్థమును పొగలు వచ్చునట్లు వేడిచేయక పెట్టరాదు. తగినంత వేడికి లిస్టీరియా చచ్చును.

అయితే వేడియు అన్నిటికి మందు కాదు. కొన్ని క్రిములు చచ్చినను అవి విడిచిన విషము మిగులును. వండిన అన్నములో బాసిల్లస్ సీరియస్ అను బాక్టీరియా బీజములు ఉడుకును తట్టుకొని నిలుచును. అన్నము గంటలతరబడి వెచ్చగా నున్నచో అవి మొలకెత్తి పెరిగి, వేడికి విరగని విషమును పుట్టించును. 1970లలో ఇంగ్లండులో ఫ్రైడ్ రైసు తిన్న పెక్కుమంది వాంతులపాలగుటకు ఇదియే కారణము. మెతుకులు అంటుకొనునని ఆ హోటళ్లవారు వండిన అన్నమును చలిలో పెట్టక బయటనే ఉంచెడివారు.

తీరప్రాంతమువారు ముఖ్యముగా తెలిసికొనవలసిన విషము మరియొకటి కలదు. కానాగంత, ట్యూనా వంటి సముద్రపు చేపల కండలో హిస్టిడిన్ అను అమైనో ఆమ్ల మెక్కువ. చేప పట్టిన తరువాత వెచ్చగా నున్నచో బాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మార్చును. అట్టి చేపను తిన్నవారికి ముఖ మెఱ్ఱబడుట, దద్దురులు, తలనొప్పి కలుగును. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వంటవేడికి పోదు, ఫ్రీజరు చలికిని పోదు. అందుచేత చేపకు చలి అవసరమైనది రిఫ్రిజిరేటరులో పెట్టునప్పుడు కాదు. పడవలో పడిన క్షణముననే. ఆలస్యముగా వచ్చిన చలి గడచిన కాలమును తిరిగి తీసికొని రాజాలదు.

ఇంటిలో పాటింపవలసినవి

పై చరిత్రనుండి ఇంటి నియమములు తామై వెలువడును. ఒక చిన్న లెక్కతో ఆరంభింపవచ్చును. ఒక కిలో రొయ్యలను 30 డిగ్రీలనుండి సున్నాకు తెచ్చుటకు, వాటిని నీటితో సమానముగా భావించినచో, 30,000 కేలరీల ఉష్ణము తీయవలెను. గ్రాముకు 80 కేలరీల చొప్పున దీనికి 375 గ్రాముల మంచు చాలును. కాని ఉష్ణదేశములలో చేపకు సమానమైన తూకము మంచు వేయవలె నందురు. మిగిలిన మంచు పెట్టె గోడలగుండా చొరబడు ఉష్ణముతో పోరాడుటకు.

అదే లెక్క సాంబారుకు వేసిచూతము. 60 డిగ్రీల వేడిగల 5 లీటర్ల సాంబారును 5 డిగ్రీలకు దింపుటకు సుమారు 2,75,000 కేలరీలు తీయవలెను. ఇది దాదాపు మూడున్నర కిలోల మంచు కరగుటకు పట్టు ఉష్ణము. పెద్ద గిన్నెను వేడివేడిగా లోపల పెట్టినచో ఈ ఉష్ణమంతయు ప్రక్కనున్న పాలకును, పెరుగుకును తగులును. గిన్నె నడిభాగము గంటలతరబడి ప్రమాదమండలములోనే యుండును. చల్లారుటకై రాత్రియంతయు బయట ఉంచుటయు అంతే ప్రమాదము. పదార్థమును వెడల్పాటి, లోతు తక్కువగల గిన్నెలలోనికి పంచి, చల్లని నీటి పళ్లెములో నిలిపి, కలియబెట్టి, రెండు గంటలలోపల రిఫ్రిజిరేటరులో చేర్చవలెను. గది వేడి 32 డిగ్రీలు దాటిన దినములలో ఈ గడువు ఒక్క గంటయే.

లోపల ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు మించరాదు. ఫ్రీజరులో సున్నాకు దిగువ 18 డిగ్రీలు ఉండవలెను. యంత్రముపై నున్న అంకెలు డిగ్రీలు కావు. గ్లాసెడు నీటిలో చిన్న థర్మామీటరు నుంచి, నడిమి అరలో ఒక రాత్రి ఉంచి చూచినచో నిజము తెలియును. తలుపు తెరచినపుడెల్ల ఎక్కువగా వేడెక్కునది తలుపు అరయే కనుక పాలను లోపలి అరలో ఉంచుట మేలు. గాలి తిరుగుటకు సందు లేకుండ సామానులు కుక్కరాదు.

పచ్చి చేపలు, మాంసము మూతగల పాత్రలో అన్నిటికంటె క్రింది అరలో నుంచవలెను. వాటినుండి కారిన నీరు వండిన పదార్థముపై పడినచో, చలి చంపని క్రిములు క్రొత్త చోటికి చేరును. పచ్చి చేపను ఒకటి రెండు దినములలోను, వండిన కూరలను మూడు నాలుగు దినములలోను వాడవలెను. అన్నమును మరునాటికే ముగించుట మంచిది. గడ్డకట్టిన చేపను అరుగుమీద పెట్టి కరగనీయరాదు. పైభాగము వెచ్చబడి క్రిములు పెరుగుచుండగా లోపల ఇంకను మంచుగా నుండును. ముందునాడే ఫ్రీజరునుండి క్రింది అరకు మార్చినచో మెల్లగా, క్షేమముగా కరగును.

తుపానులు వచ్చు ఈ తీరమున విద్యుత్తు నిలిచిపోవుట క్రొత్త కాదు. 2023 డిసెంబరులో వచ్చిన మిచాంగ్ తుపాను ఈ ప్రాంతమునకు భారీవర్షములు తెచ్చినది. అట్టి సమయమున తలుపు తెరువకుండ నున్నచో రిఫ్రిజిరేటరు సుమారు 4 గంటలును, నిండుగా నున్న ఫ్రీజరు సుమారు 48 గంటలును, సగము నిండినది సుమారు 24 గంటలును చలిని నిలుపుకొనును. ఇవి గరిష్ఠకాలములుగా భావింపవలెను. పాత యంత్రములకు, వేడి గదులకు ఇంకను తక్కువ. నిండిన ఫ్రీజరు ఎక్కువకాలము నిలుచుటకు కారణము ‘టస్కనీ’ ఓడలోని మంచుదిమ్మకు వర్తించినదే. ఆ గడువు మించిన తరువాత చెడిపోవు స్వభావముగల పదార్థమును వాసన చూచి నిర్ణయింపరాదు. వాసన పుట్టించు క్రిములు వేరు, రోగము పుట్టించు క్రిములు చాలవరకు వేరు.

తరగతిలో ఒక పరీక్ష

ఈ విషయమును ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చూపవచ్చును. కాచని పాలను శుభ్రమైన రెండు పరీక్షనాళికలలో పోసి మూతవేసి, ఒకదానిని రిఫ్రిజిరేటరులోను, రెండవదానిని బయటను ఆరు గంటలు ఉంచవలెను. తరువాత రెండింటిలోను మిథిలీన్ బ్లూ ద్రావణము సమానముగా కొన్ని చుక్కలు కలిపి, రెండింటిని సుమారు 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో నిలుపవలెను. బాక్టీరియా పెరుగుచు పాలలో కరగియున్న ఆక్సిజనును వాడుకొనగా నీలిరంగు విరిగిపోవును. క్రిములు ఎంత ఎక్కువైన రంగు అంత త్వరగా పోవును. పరీక్షకు వాడిన పాలను ఎవరును త్రాగరాదు.

బయటనున్న పాలలో రంగు ముందుగా పోవును. విద్యార్థులు ఇంతటితో తృప్తిపడి, రిఫ్రిజిరేటరు గెలిచినదని లేచిపోవుదురు. వారిని ఇంకను కొంతసేపు కూర్చుండబెట్టవలెను. కొన్ని గంటల తరువాత రిఫ్రిజిరేటరులో నుంచిన పాలలోని రంగును పోవును. 1887లో ఇద్దరు శాస్త్రజ్ఞులు చెప్పినది ఈ రెండవ నాళికయే చెప్పును. మొదటి నాళికకు రెండవ నాళికకు నడుమ నున్న వ్యవధియే చలి మనకిచ్చు వరము. ఆ వ్యవధిలోపల వండుకొని తినుటయో, పారవేయుటయో నిర్ణయింపవలసినది యంత్రము కాదు, ఇంటివారే.